ఆస్నీ వంతెన కింద మా పాత ఫ్రీమన్

థేమ్స్ నది మీద ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్నీ వంతెన ఉంది. నీటి మట్టం నుంచి దాని ఎత్తు ఏడున్నర అడుగులే. లక్షల పౌండ్లు పోసి కొన్న పెద్ద పడవలు అక్కడ వెనక్కి తిరగాల్సిందే. మేం 4,200 పౌండ్లకు కొన్న ఫ్రీమన్ 22 మాత్రం దర్జాగా కిందనుంచి దాటిపోయేది. 1960లలో హింక్లీలో తయారైన ఫైబర్‌గ్లాస్ పడవ అది. నలుగురం పడుకోవచ్చు, రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, చిన్న టాయిలెట్. కుటుంబానికి ఇంకేం కావాలి?

అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చిన వేసవిలో రెడింగ్ నుంచి బయల్దేరాం. దారంతా హాయిగా సాగింది, ఆక్స్‌ఫర్డ్ దిగువన ఒక మెరీనాలో, అంటే డబ్బు కట్టి పడవ నిలుపుకునే రేవులో, ఆగేవరకూ. ఫోన్‌లో రాత్రికి 36 పౌండ్లు, అన్నీ కలిపే అన్నారు. తీరా దిగాక కరెంటుకు 6, స్నానానికి మనిషికి 2 పౌండ్ల టోకెన్. పాప తల నిండా షాంపూ ఉండగా నీళ్లు ఆగిపోయాయి, ఇంకో టోకెన్. మొత్తం 52. మా ఆవిడ వెళ్లి నిలదీస్తే, ఆఫీసులో అతను తలెత్తకుండానే వేలు చూపించాడు. రేట్ల బోర్డు తలుపు వెనకాల ఉంది! ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి లాకుల దగ్గరే ఆగాం. లాకంటే నీటిమట్టం మారేచోట పడవను పైకో కిందకో చేర్చే, తలుపులున్న నీటి గది. చాలా చోట్ల మొదటి 24 గంటలు పైసా కట్టక్కర్లేదు, కొన్నిచోట్ల మంచినీళ్ల కుళాయి కూడా ఉంటుంది. మెరీనాలకు డబ్బు తగలేయకండి.

ఆక్స్‌ఫర్డ్ ఎగువన గాడ్‌స్టో దాటాక లాకులకు కరెంటు లేదు, అన్నీ చేత్తో తిప్పేవే. ఐన్‌షామ్ దగ్గర ఇంజన్ ఆపి, మోకును గట్టు మీది గుంజకు ఒక చుట్టు చుట్టి కొస చేత్తో పట్టుకున్నాను. తూములు ఎత్తగానే నీళ్లు సుళ్లు తిరుగుతూ పడవను పైకి లేపాయి. పడవ లేస్తున్నకొద్దీ మోకు లాగుతూ ఉండాలి, ముడి మాత్రం వేయకూడదు. రెండు రోజులుగా ముభావంగా ఉన్న అత్తయ్య గారు ఒక్కసారిగా బయటికొచ్చి, "ఇవి మా ధవళేశ్వరం లాకుల్లాగే ఉన్నాయి కదా బాబూ!" అన్నారు. ఆ తర్వాత లెచ్‌లేడ్ దాకా ప్రతి లాకులోనూ తెల్లటి తలుపు దూలానికి వీపు ఆనించి ఆవిడే నెట్టారు. సాయంత్రం న్యూబ్రిడ్జ్ దగ్గర ఆవిడ చేసిన జీడిపప్పు ఉప్మా తింటుంటే పాప మూడుసార్లు పెట్టించుకుంది.

పాప యూనివర్సిటీకి వెళ్లాక పడవను 3,900కు అమ్మాం. అన్నేళ్ల సంతోషానికి పోయింది 300! లైసెన్సు, ఇన్సూరెన్స్ వేరే అనుకోండి. కొనేవాళ్లు కుషన్ల అందం చూసి మోసపోవద్దు. నేల చెక్కలు ఎత్తించి కింద కర్ర మెత్తబడిందేమో చూడండి. సేఫ్టీ సర్టిఫికెట్ నాలుగేళ్లకే, దాని తేదీ అడగండి. పెట్రోల్ ఇంజనైతే స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ అడుగున వాసన చూడండి. వాసన వస్తే తాళం తిప్పొద్దు.