గొట్టం మార్చనన్న మేస్త్రి: నెల్లూరులో ఒక తుపాకి మరమ్మతు అనుభవం

మా తాతగారి నుంచి నాన్నగారికి, నాన్నగారి తర్వాత లైసెన్సు మార్పించుకొని నాకు సంక్రమించిన 315 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) రైఫిల్‌కు కొత్త బ్యారెల్, అంటే మా ఇంట్లో అందరూ అనే మాటలో గొట్టం, వేయించాలని దాదాపు ఏడాదిన్నర తిరిగాను. చివరకు నెల్లూరు పాత ఊళ్లో, లైసెన్సున్న ఒక చిన్న మరమ్మతు దుకాణంలో నా పని అయింది. గొట్టం మాత్రం మారలేదు. మార్చాల్సిన అవసరం లేదని తేల్చి చెప్పినందుకే ఆ దుకాణం గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది. పేరు రాస్తానంటే దుకాణం నడిపే పెద్దాయన వద్దన్నారు. ఉన్న పనికే చేతులు చాలడం లేదట.

రైఫిల్ సంగతి కొంత చెప్పాలి. ఇది పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది. బ్రిటిష్ వారి కాలంలో సైన్యం వాడే 303 తూటా సామాన్యుల చేతికి రాకూడదన్న ఆంక్ష ఉండడంతో, దాని బదులు పౌరుల కోసం ఈ 315 బోర్ వాడుకలోకి వచ్చి, స్వాతంత్ర్యం తర్వాత కూడా అలాగే నిలిచిపోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు తాతగారు దీన్ని భుజాన వేసుకొని వెలుగొండల వైపు వేటకు వెళ్లేవారట. ఇప్పుడు ఇది పేరుకే వేట తుపాకి. మెట్టలో వేరుశనగ వేస్తే అడవిపందులు రాత్రికి రాత్రే మళ్లు మళ్లు దున్నేసి పోతాయి గానీ, వాటినైనా అటవీశాఖ అనుమతి లేకుండా కాల్చడానికి వీల్లేదు. కాబట్టి లైసెన్సులో రాసినన్ని తూటాలే కొనుక్కొని, అనుమతి ఉన్న షూటింగ్ రేంజికి అప్పుడప్పుడు వెళ్లి కాల్చడమే నాకు మిగిలిన సరదా.

ఆ సరదా 2024లో చెడింది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అందరిలాగే నేనూ రైఫిల్‌ను స్టేషన్‌లో అప్పగించి, ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు తెచ్చుకున్నాను. బోల్ట్ మీద, అంటే తూటాను లోపలికి నెట్టి గొట్టం వెనక భాగాన్ని మూసే ఇనుప కడ్డీ మీద, సన్నటి తుప్పు కనబడింది. తుడిచి రేంజికి తీసుకువెళ్తే, 50 గజాల దూరంలో ఐదు తూటాలు చేటంత మేర చెదిరిపోయాయి. అంతకుముందు కూడా గురి మెల్లమెల్లగా సడలుతూనే ఉంది. నేనే నా కళ్లద్దాలను తప్పుపట్టుకుంటూ వచ్చాను. తెలిసినవాళ్లందరూ ఒకే మాట అన్నారు: "గొట్టం అరిగిపోయింది, మార్పించు."

గొట్టం మార్పించడం మోటారుకు బేరింగు మార్పించినట్టు కాదని అప్పటికి నాకు తెలియదు. మొదట ఒక లేత్ మిషన్ మేస్త్రి, తుపాకి కూడా చూడకుండానే, పైపు తెచ్చి మర కోసి బిగిస్తానని బేరం పెట్టాడు. అదృష్టవశాత్తు నాకు భయం వేసింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి భాగాలు కూడా తుపాకి కిందికే వస్తాయి. అమ్మడానికే కాదు, మరమ్మతు చేయడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే, 2019 సవరణ తర్వాత, ఏడేళ్లకు తగ్గని జైలు శిక్ష పడుతుంది. రెండోసారి ఒక పెద్ద నగరంలోని దుకాణానికి వెళ్లాను. వాళ్లకు లైసెన్సు ఉంది, ఏసీ గది ఉంది, గొట్టంలోకి తొంగిచూసే తీరిక మాత్రం లేదు. మార్చాల్సిందేనని చెప్పి, గొట్టం ఎక్కడి నుంచి వస్తుందో, దాని మీద నంబరు సంగతి ఏమిటో చెప్పకుండా సగం డబ్బు ముందే కట్టమన్నారు. కట్టలేదు.

నెల్లూరు దుకాణంలో మొదటి పది నిమిషాలు రైఫిల్‌ను సంచిలోంచి తీయనే లేదు. పెద్దాయన లైసెన్సు పుస్తకం అడిగి, కళ్లద్దాలు సర్దుకొని పేజీ పేజీ చదివారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. నా లైసెన్సులో చిరునామా పేజీ మాత్రం ఒంగోలు కలెక్టరేటు ముద్రతోనే ఉండిపోయింది. "ఇది సరిచేయించుకోని రా నాయనా, అప్పుడు చూస్తా" అని నన్ను వెనక్కి పంపేశారు. ఆ రోజు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. కలెక్టరేటు చుట్టూ తిరిగి ఆ కాగితం సరిచేయించుకోవడానికి నెలకు పైగానే పట్టింది. తిరిగి వెళ్లినప్పుడు రైఫిల్ మీది నంబరును లైసెన్సులోని నంబరుతో రెండుసార్లు పోల్చి, రిజిస్టరులో రాసి, నా చేత సంతకం పెట్టించుకున్నాకే బోల్ట్ వెనక్కి లాగి లోపల తూటా లేదని నాకు చూపించారు.

తర్వాత ఆయన పరీక్షించిన తీరు చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. బోల్ట్ బయటికి తీసి, గొట్టం ఒక కొసన దీపం పెట్టి, రెండో కొస నుంచి నన్నే చూడమన్నారు. గొట్టం లోపల మెలికలు తిరుగుతూ పోయే గాడులు ఉంటాయి. తూటాకు బొంగరంలాంటి తిరుగుడు ఇచ్చి నిలకడగా పంపేవి అవే. నాకు గాడులు కాదు గదా, మసిపట్టిన పొయ్యిగొట్టం కనబడింది. "అరిగింది కాదిది, నిండింది" అన్నారాయన. తూటా పైతొడుగు లోహం దశాబ్దాలుగా పూతలు పూతలుగా అంటుకొని గాడులను పూడ్చేసిందట. రాగిని కరిగించే మందు పూసి, గుడ్డ పేలికలతో రోజుకు రెండు విడతలుగా తుడిచారు. బయటికి వచ్చిన పేలికలు నెమలికంఠం రంగులో ఉన్నాయి. ఐదో రోజుకు గాని తెల్లటి పేలిక రాలేదు. అప్పుడు మెత్తటి సీసం ముద్దను గొట్టంలోంచి నెమ్మదిగా దూర్చి బయటికి తీసి, దాని మీద పడిన గాడుల అచ్చును మైక్రోమీటరుతో కొలిచి, లోపలి కొలత ఇంకా మిగిలే ఉందని నాకు చూపించారు. తూటా గది దగ్గర కొద్దిగా గుంటలు పడ్డాయి. పాత తూటాల రంజకం కాలాక మిగిలే ఉప్పు గాలిలో తేమను పీల్చుకొని ఇనుమును తినేస్తుందనీ, సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్న మన ఊళ్లలో అది మరీ త్వరగా జరుగుతుందనీ వివరించారు.

అసలు దోషం మాత్రం మూతి దగ్గర దొరికింది. తాతగారు, ఆ తర్వాత నాన్నగారు కూడా, ఇనుప చువ్వను మూతి వైపు నుంచి దూర్చి శుభ్రం చేసేవారు. ఆ చువ్వ రాసుకొని రాసుకొని మూతి అంచు ఒక పక్క అరిగి, తూటా బయటికి వచ్చే ఆఖరి క్షణంలో వెనకనున్న వాయువు ఒక వైపు నుంచి ముందుగా తప్పించుకుంటూ దాన్ని పక్కకు తోస్తోంది. మా ఇంట్లో భక్తిశ్రద్ధలతో చేసిన శుభ్రమే తుపాకిని చెడగొట్టిందంటే నాన్నగారు ఉంటే నమ్మేవారు కాదు. మేస్త్రి ఆ అంచును సమంగా కోసి నునుపు చేశారు. ఇక గొట్టాన్ని మోసే కర్ర సంగతి. వానాకాలాల తేమకు ముందుకర్ర వంకరపోయి గొట్టాన్ని ఒక పక్క ఒత్తుతోంది. రెండు మూడు తూటాలకు గొట్టం వేడెక్కగానే ఆ ఒత్తిడి మారి గురి జరిగిపోతోంది. కాగితం ముక్కను గొట్టానికీ కర్రకూ మధ్య జరుపుతూ అది ఎక్కడ ఆగుతుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, అక్కడ మాత్రమే చెక్కారు. ట్రిగ్గర్ గార్డు ముందు మర వదులై ఉంటే బిగించారు.

గొట్టం నిజంగానే మార్చాల్సి వస్తే ఏమిటని అడిగాను. మర బిగించడం సులువేననీ, బోల్ట్ ముఖానికీ గొట్టం వెనక అంచుకూ మధ్య తూటా అంచు పట్టేంత ఖాళీని గేజులతో సరిచూడడమే కష్టమనీ చెప్పారు. ఆ ఖాళీ ఎక్కువైతే తూటా తొడుగు చిట్లి వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికే రావచ్చు. బిగించాక మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో పరీక్ష కాల్పు జరగాలి. కొత్త భాగం మీది నంబరు లైసెన్సులోనూ ఎక్కాలి. అందుకని ఆ పని తన దుకాణంలో చేయననీ, తుపాకి పుట్టిన ఫ్యాక్టరీ ద్వారానే జరిపించుకోవాలనీ సూటిగా అన్నారు. తనకు రానిదాన్ని రాదని చెప్పే మేస్త్రిని ఏ పనిలోనైనా నేను అరుదుగానే చూశాను.

మరమ్మతు తర్వాత అదే రేంజిలో, అదే 50 గజాల దూరంలో, ఐదు తూటాలు కాల్చాను. గూడూరు నిమ్మకాయంతలో పడ్డాయని కోతలు కోయను. మంచి బత్తాయికాయంతలో పడ్డాయి. అరవై దాటిన నా కళ్లకు అది చాలు.

లోపాలు లేవని కాదు. పది రోజుల్లో ఇస్తానన్న పనికి ఏడు వారాలు పట్టింది. ఫోను చేస్తే చాలాసార్లు ఎత్తరు, ఎత్తినా "అవుతా ఉంది" అన్న ఒక్క మాట మించి జవాబు ఉండదు. చెక్కిన చోట కర్రకు వేసిన మెరుగు పాత రంగుతో కలవలేదు, దగ్గరగా చూస్తే అతుకు వేసినట్టు తెలుస్తుంది. మొత్తం 7,800 రూపాయలు తీసుకున్నారు. చేతిరాత బిల్లే అయినా తుపాకి నంబరుతో సహా పని పద్దులన్నీ అందులో విడివిడిగా ఉన్నాయి. నగరంలో ముందే కట్టమన్న సగం డబ్బు కంటే ఇది చాలా తక్కువ.

వెళ్లాలనుకునేవారు ఉదయం పదకొండు లోపు వెళ్లడం మంచిది, మధ్యాహ్నం తర్వాత ఆయన కొత్త పని ముట్టుకోరు. లైసెన్సు అసలు పుస్తకమే తీసుకువెళ్లాలి. ఫోనులో ఫొటో చూపిస్తే సంచి జిప్పు కూడా తీయనివ్వరు. ఇంట్లో ఇనుప చువ్వ ఉంటే అది కూడా తీసుకువెళ్లండి. నాది ఆయన వంచి పక్కన పడేసి, ఇత్తడి చువ్వ ఒకటి బిల్లులో కలిపారు.