మారథాన్ తర్వాతి వారం: పడకా, నడకా, పరుగా?

ఆదివారం మారథాన్ ముగిసిన మరునాటి నుంచి మా ఊరి రన్నర్లు అడిగే ప్రశ్న ఒకటే. ఈ వారమంతా పడుకోవాలా, కొంచెం నడవాలా, మెల్లగా పరుగు మొదలుపెట్టవచ్చా? తిరుపతిలో దీని వెంట ఇంకొకటి తప్పకుండా వస్తుంది: "బాగా ముగిస్తే కాలినడకన వస్తానని మొక్కుకున్నాను, ఈ వారమే కొండెక్కవచ్చా?"

నా మొగ్గు నడకవైపే, అదీ చదును నేల మీది నడక. కారణం తొడ ముందు కండరాల్లో ఉంది. 42.195 కిలోమీటర్ల పొడవునా పాదం నేలను తాకిన ప్రతిసారీ ఆ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపుతాయి. తంతువులు ఎక్కువగా దెబ్బతినేది ఈ పనిలోనే. మెట్లు ఎక్కేటప్పుడు అదే కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు మళ్లీ సాగుతూ బరువు మోస్తుంది. అందుకే సోమవారం ఎలాగో మేడ ఎక్కినవాళ్లు కూడా దిగేటప్పుడు రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆన్చి దిగుతారు. ఈ వారంలో ఏం చేసినా ఆ దిగుడు బరువును కాళ్ల మీద మళ్లీ పెట్టకపోవడమే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం.

పూర్తి విశ్రాంతికి మొదటి ఒకటి రెండు రోజుల్లో తిరుగులేదు. నిద్ర ఎంత పట్టినా మంచిదే. కానీ వారమంతా మంచం పట్టుకుంటే కాళ్లు ఇంకా బిగుసుకుపోతాయి. హైదరాబాద్‌లో పరుగెత్తి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్లు వెంటనే మళ్లీ కదలకుండా ఉండిపోవడం అసలే మంచిది కాదు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే డాక్టరుకు చూపించండి, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మెల్లని పరుగువైపు మాట్లాడేవాళ్లు రక్తప్రసరణ పెరుగుతుందంటారు. నిజమే, కానీ ఆ మేలు నడకలోనూ దొరుకుతుంది. పైగా నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి తగ్గిపోతుంది, కండరంలోని బలం మాత్రం అంత తొందరగా తిరిగిరాదు. గురువారానికి నొప్పి లేదని షూ వేసుకున్నవాళ్లను చూస్తే నాకు భయం. అలసిన కండరం మోయలేని బరువు మోకాలి మీదా మడమ మీదా పడుతుంది.

కాబట్టి మంగళవారం నుంచి పొద్దున్నే ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట, చదునైన చోట నడవండి. యూనివర్సిటీ మైదానం చాలు. కపిలతీర్థం దాటి అలిపిరి వైపు వెళ్తే కాళ్లు అలవాటుకొద్దీ మెట్లవైపు లాగుతాయి, ఈ వారం అటు వెళ్లకండి.

ఇక మొక్కు. స్వామి గడువు పెట్టలేదు కదా, పది పదిహేను రోజులు ఆగండి. ఊరు విడిచి వెళ్లాల్సినవాళ్లు ఆగలేమంటే వారం చివర్లో వెళ్లండి. కొండెక్కే రెండు కాలిబాటల్లో శ్రీవారి మెట్టు 2,388 మెట్లే అయినా ఎడతెగని ఎక్కుడు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నా గాలిగోపురం దాటాక చదును దారి వస్తుంది, కాళ్లకు ఊపిరి ఆడుతుంది. నేనైతే అలిపిరే అంటాను. ఏ దారిన ఎక్కినా తిరుగు ప్రయాణం బస్సులోనే. మొక్కు ఎక్కడానికే, దిగడానికి కాదు. మెట్లు దిగడం మారథాన్‌కు కొన్ని వారాల ముందు కొద్దికొద్దిగా సాధన చేస్తే కండరాలు దానికి అలవాటుపడి తర్వాతి నొప్పి తగ్గుతుంది. మన కొండ అప్పుడు బాగా పనికొస్తుంది.

ఐసు నీళ్లు నొప్పిని కొంత తగ్గిస్తాయి, అంతే. నువ్వులనూనె మర్దన హాయిగా ఉంటుంది, మొదటి రెండు రోజులు గట్టిగా పిసకనివ్వకండి. ఈత వస్తే ఈత మంచిదే. నొప్పి మాత్రలు సొంతంగా మింగవద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని రకాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

తిండి మాత్రం తగ్గించకండి. పరుగు లేదు కదా అని అన్నం మానేసేవాళ్లున్నారు. కండరాల్లో అయిపోయిన నిల్వలు నిండాలంటే పిండిపదార్థం కావాలి, చిట్లినవి అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. రాగి సంగటి, పప్పు, గుడ్డు, ఉప్పు వేసిన మజ్జిగ ఉంటే డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు.

పరుగుకు ఎప్పుడు తిరిగిరావాలో తేల్చడానికి నేను మెట్లనే నమ్ముతాను. కనీసం వారం గడిచాక మీ ఇంటి మేడ మెట్లు రెయిలింగ్ ముట్టుకోకుండా, నెమ్మదిగా, ఒక్కో మెట్టుకు ఒక్కో పాదం వేస్తూ దిగండి. తొడ వణకకపోతే మర్నాడు ఇరవై నిమిషాలు, పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో పరుగెత్తండి. వణికితే ఇంకో రెండు రోజులు నడక కొనసాగించి, మళ్లీ దిగి చూడండి.