సంచి ఎవరికి అప్పగించాలి? ఒంటరిగా విమానమెక్కి కాశీకి

నలుగురితో కలిసి వెళ్లినప్పుడు ఎన్నడూ తట్టని ప్రశ్న ఒకటి, ఒంటరిగా బయలుదేరిన మనిషిని అడుగడుగునా నిలేస్తుంది. ఈ సంచి కాసేపు ఎవరికి అప్పగించాలి? స్నానాల గదికి వెళ్లాలన్నా, గుళ్లోకి అడుగుపెట్టాలన్నా, గంగలో మునక వేయాలన్నా ఇదే. మావారితోనో అక్కచెల్లెళ్లతోనో యాత్రలకు వెళ్లిన రోజుల్లో ఎవరో ఒకరు సామాను దగ్గర కూర్చునేవారు. ఉద్యోగ విరమణ తర్వాత మొదటిసారి ఒంటరిగా, అదీ విమానంలో, కాశీ వెళ్లి వచ్చాను. విమానాశ్రయాన్నీ, బసనూ, గుడినీ, ఘాట్లనూ ఈ ప్రశ్నతోనే కొలిచాను. నా వయసు ఆడవారు చాలామంది తోడు దొరకక ఆగిపోతున్నారు. ఇది వారి కోసం రాస్తున్నాను.

సికింద్రాబాద్ నుంచి రైలులో వెళితే కాశీకి ఒక రోజుకు పైనే పడుతుంది. శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానంలో దాదాపు రెండు గంటలు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ తేడా చిన్నది కాదు. కార్తీక పౌర్ణమి దాటాక తేదీ చూసుకున్నాను. ఆ పౌర్ణమినాడు కాశీలో దేవ దీపావళి చేస్తారు. ఘాట్లన్నీ దీపాలతో నిండిపోతాయి, గదుల అద్దెలు కూడా ఆకాశంలోకి పోతాయి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. వానాకాలంలో గంగ పెరిగి మెట్లు మునిగిపోతాయి. అందుకే నవంబరు నెలాఖరు గానీ, ఫిబ్రవరి గానీ మంచిదని నా అభిప్రాయం.

టికెట్ తీసుకునేటప్పుడు మన తెలుగువారికి ఇంటిపేరు దగ్గర చిక్కు వస్తుంది. ఆధార్‌లో నా ఇంటిపేరు ముందుంటుంది, టికెట్ మీద అది చివరికి వెళ్లింది. లోపలికి పంపేటప్పుడు భద్రతా సిబ్బంది రెండూ పక్కపక్కన పెట్టి చూశారు గానీ ఏమీ అనలేదు. అక్షరాలు మాత్రం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే టికెట్ మీదా అలాగే ఉండేలా చూసుకోండి.

సామాను సర్దడం దగ్గర కాస్త ఎక్కువ చెప్పాలి. కాశీ వెళ్లేవారి సంచిలో ముందుగా చేరేవి కర్పూరం, అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి చిప్పలు. ఈ మూడింటికీ విమానంలో చోటు లేదు. మూడూ తేలిగ్గా అంటుకునేవే. చేతి సంచిలోనే కాదు, కౌంటర్‌లో అప్పగించే పెద్ద సంచిలోనూ పెట్టకూడదు. అవన్నీ కాశీలో వీధి వీధినా దొరుకుతాయి కాబట్టి ఇంటి దగ్గరే వదిలేయండి. పసుపు, కుంకుమ, వత్తులు, పట్టుబట్ట నిరభ్యంతరంగా తీసుకెళ్లవచ్చు. ఫోను ఛార్జింగ్ కోసం పవర్ బ్యాంకు ఉంటే అది చేతి సంచిలోనే ఉండాలి. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కు సాధారణంగా పెద్ద సంచి 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఆ ఏడు కిలోలూ నింపవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. భుజాన తగిలించుకుని స్నానాల గదిలోకి కూడా తీసుకుపోగలిగేంత సంచి చాలు. మందులు, ఆధార్, డబ్బు, కళ్లజోడు, ఒక చీర, ఒక డబ్బాలో పులిహోర. మిగతాదంతా పెద్ద సంచిలోకి పోవాలి. ఆ సంచి పిడికి ఇంట్లోని పసుపు గుడ్డ పీలిక కట్టాను. దిగాక ఒకేలా కనిపించే నల్ల సంచుల వరుసలో అదే నన్ను పిలిచింది.

శంషాబాద్‌కు ఆర్టీసీ పుష్పక్ బస్సులో వెళ్లాను. తెలంగాణలో ఆడవారికి 2023 డిసెంబరు నుంచి ఉన్న ఉచిత ప్రయాణం పుష్పక్‌లో చెల్లదు, టికెట్ తీసుకోవాలి. అయినా కారు అద్దెతో పోలిస్తే చాలా తక్కువ. సామాను పెట్టుకోవడానికి చోటుంది, అది కళ్లెదుటే ఉంటుంది. తెల్లవారుజామున ఒక్కరే వెళ్లే ఆడవారికి నేను బస్సునే సిఫారసు చేస్తాను.

విమానాశ్రయంలో ఒంటరి మనిషికి దక్కే మొదటి ఊరట సామాను కౌంటర్ దగ్గర. బయలుదేరే సమయానికి గంట ముందే ఆ కౌంటర్ మూసేస్తారు కాబట్టి రెండున్నర గంటల ముందే చేరుకోవడం మేలు. అక్కడి అమ్మాయి సంచిని తూకం మీద పెట్టించి, దానికో కాగితపు పట్టీ చుట్టి, దాని రసీదును నా బోర్డింగ్ పాసు వెనక అంటించింది. బెల్టు కదిలింది, సంచి వెళ్లిపోయింది. వారణాసిలో దిగేదాకా దాని బాధ్యత వారిదే. రైలు ప్రయాణంలో రాత్రంతా కాలికింద పెట్టుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా తడుముకునే సామాను ఇంత సులువుగా చేతులు దాటిపోవడం నాకు గొప్ప సంగతిగా అనిపించింది. విమానప్రయాణంలో ఒంటరివారికి ఇంతకంటే పెద్ద సదుపాయం మరొకటి లేదు.

భద్రతా తనిఖీ గురించి చాలామంది భయపెట్టారు. అంత భయపడాల్సిందేమీ లేదు. చేతి సంచి, ఫోను, పవర్ బ్యాంకు ట్రేలో పెట్టాలి. ఆడవారికి తెర వెనక మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు. గాజుల దగ్గర పరికరం కూత పెడితే ఆ అమ్మాయి నవ్వి, ‘‘గాజులేనమ్మా, తీయక్కర్లేదు’’ అంది. ట్రే ముందు వెళ్లిపోయి మనం వెనక ఉండిపోయే ఆ రెండు నిమిషాలే కాస్త గుబులు. మీ వంతు వచ్చేదాకా ట్రేను బెల్టు మీదికి తోయకండి. పులిహోర డబ్బాకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత నడక. మన విమానాశ్రయం పెద్దది, గేటు దాకా వెళ్లేసరికి కాళ్లు లాగుతాయి. నడవలేనివారు చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకున్నప్పుడే విమాన సంస్థకు చెప్పుకోవాలి. కుర్చీ తోసే మనిషి తనిఖీల దగ్గరా, గేటు దగ్గరా తోడుంటారు. ఒంటరిగా వెళ్లే పెద్దవారికి అంతకన్నా కావలసిందేముంది? రైల్వే స్టేషన్లో లాగా ప్రతి బండి పేరూ మైకులో చదువుతారని కాచుకుని కూర్చోవద్దు. తెరల మీద గేటు నంబరు చూస్తూ ఉండాలి, అది ఒక్కోసారి మారుతుంది కూడా. బయలుదేరే ముందు 25 నిమిషాలకు గేటు మూసేస్తారు. స్నానాల గదుల్లో తలుపు వెనక సంచి తగిలించే కొక్కెం ఉంది. ఇంత చిన్న వస్తువును మెచ్చుకోవాలా అనుకోకండి. అది లేని చోట ఒంటరి ఆడమనిషి పడే పాట్లు పడినవారికే తెలుసు.

విమానం లోపలి సంగతి త్వరగా చెప్పేస్తాను. చెవులు దిబ్బడ వేస్తాయి. లోపలి గాలి ఒత్తిడి మారడం వల్ల వచ్చేదే అది, లవంగం గానీ బిళ్ల గానీ చప్పరిస్తూ గుటకలు వేస్తే పోతుంది. కిటికీ సీటు కోసం అదనంగా కట్టాను, కట్టినందుకు సంతోషంగా ఉంది. నేల వదిలినప్పుడు అప్రయత్నంగా చేతులు జోడించాను. పక్కన కూర్చున్న కుర్రవాడు ఏమీ అడగకుండానే బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించాడు.

వారణాసి విమానాశ్రయం బాబత్‌పూర్‌లో ఉంది. ఊళ్లోకి పాతిక కిలోమీటర్ల దూరం. విమానాశ్రయం చిన్నది, దారి తప్పే ప్రసక్తే లేదు. అసలు పరీక్ష బయట మొదలవుతుంది. నేనెక్కిన కారు డ్రైవరు సగం దారిలో, నేను గది మాట్లాడుకున్న సత్రం మరమ్మతుల కోసం మూసేశారనీ, తనకు తెలిసిన హోటల్‌కు తీసుకెళతాననీ మొదలుపెట్టాడు. నేను అతని ఎదుటే సత్రానికి ఫోను చేసి, స్పీకరులో పెట్టి మాట్లాడాను. మేనేజరు గారు తెలుగులో, ఆపైన డ్రైవరుకు హిందీలో, గేటు దగ్గర మనిషిని నిలబెడుతున్నామని చెప్పారు. ఆ తర్వాత దారి పొడవునా అతను నోరు మెదపలేదు. ఒంటరిగా వెళ్లేవారు బస నంబరు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. సందుల్లోకి కారు రాదు, చివర కొంత నడవాలి. సంచికి చక్రాలున్నా రాతి పలకల మీద అవి పనికిరావు.

బస గురించి ముందే ఎన్నో చోట్లకు ఫోన్లు చేశాను. ఒక సత్రం వారు ‘‘ఒంటరివారికి గది ఇవ్వం’’ అని ఒక్క ముక్కలో చెప్పేశారు. ఈ నియమం చాలా సత్రాల్లో ఉంది. దానికి వారి కారణాలు వారికి ఉంటాయి. కానీ కాశీకి ఒంటరిగా రావడమన్నది ఈ దేశంలో కొత్త సంగతి కాదు. భర్త పోయిన ఆడవారు తరతరాలుగా ఒక్కరే వచ్చి చేరిన ఊరది. అలాంటి ఊళ్లో ఒంటరి ఆడమనిషికి గది లేదనడం నాకు బాధ కలిగించింది. ఈ నియమం మారాలి. నాకు గది ఇచ్చిన సత్రం వారు ఆధార్ నకలు, మా అబ్బాయి ఫోను నంబరు తీసుకున్నారు, అంతే. ఎవరికీ ఇబ్బంది లేని పద్ధతి ఇది, మిగతావారూ పాటించవచ్చు.

ఆ గదిలో మంచం, ఫ్యాను, వేడినీళ్ల బకెట్టు తప్ప ఏమీ లేవు. గోడలకు పాత సున్నం. రాత్రి పదింటికి గేటుకు తాళం వేస్తారు. నాకు అదే ధైర్యం. చివరి రాత్రి మాత్రం గంగ కనబడాలన్న కోరికతో ఘాటు మీది ఒక లాడ్జికి మారాను. కిటికీ తెరిస్తే నది, పడవలు, ఉదయపు ఎండ. అందులో వంక పెట్టడానికి లేదు. కానీ మెట్లు నిట్టనిలువు, మధ్యాహ్నం కింద బల్ల దగ్గర మనిషి లేడు, తాళాల గుత్తి అందరికీ అందేలా మేకుకు వేలాడుతోంది. అద్దె సత్రానికి అయిదు రెట్లు. జంటగా వెళ్లేవారికి లాడ్జి బాగుంటుంది. ఒంటరివారికి సత్రమే.

భోజనానికి పాండే హవేలీ దగ్గర మానససరోవర్‌లోని శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది. పరాయి ఊళ్లో పప్పు, కూర, చారు, మజ్జిగతో విస్తరి ముందు కూర్చుంటే కడుపే కాదు, మనసూ నిండుతుంది. చుట్టూ గోదావరి జిల్లాల యాసా, పాలమూరు యాసా కలిసి వినిపిస్తుంటాయి. అక్కడ పరిచయమైన ఒక కాకినాడ అక్కయ్యగారే మర్నాడు నా స్నానం సమస్య తీర్చారు. ఆవిడ మునిగినంతసేపు ఆవిడ సంచి నేను, నేను మునిగినంతసేపు నా సంచి ఆవిడ పట్టుకున్నాం. మేము వెళ్లింది కేదార్ ఘాట్‌కు. ఎరుపు, తెలుపు పట్టెల గుడి గోడ చూస్తే మన దక్షిణాది గుడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. దశాశ్వమేధ ఘాట్‌తో పోలిస్తే తొక్కిడి చాలా తక్కువ. కొంచెం ఎగువకు నడిస్తే విజయనగరం రాజుల పేరుతో ఉన్న ఘాటు, దాని అవతల హరిశ్చంద్ర ఘాట్. ఎవరూ తోడు దొరకకపోతే గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చునే పండాకు, అంటే ఘాటు పురోహితుడికి, ఎంతో కొంత ఇచ్చి బట్టలు అప్పగించవచ్చు. డబ్బూ ఫోనూ మాత్రం గదిలోనే ఉండాలి.

విశ్వనాథుడి దర్శనానికీ అదే మాట. ఆలయంలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. 2021 డిసెంబరులో ప్రారంభించిన కాశీ విశ్వనాథ ధామం, అంటే గుడి చుట్టూ కట్టిన విశాల ప్రాంగణం వల్ల గంగ ఒడ్డు నుంచి గుడి దాకా విశాలమైన దారి వచ్చింది. లోపల కూర్చోవడానికి చోటుంది. లాకర్లు చూపించి పిలిచే దుకాణాల వారు పూజ బుట్ట కొంటేనే సామాను పెట్టుకుంటామంటారు. ఆ బుట్ట ధర ముందే అడగండి. నేను చీర కొంగున కొద్దిగా డబ్బు ముడి వేసుకుని, చేతులూపుకుంటూ వెళ్లాను. విశ్వనాథుడినీ, అన్నపూర్ణనూ ఏ సంచీ గుర్తు లేకుండా కళ్లారా చూసుకున్నాను. సారనాథ్ పది కిలోమీటర్ల దూరం, పూట సరిపోతుంది. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో ఒక్కటే జాగ్రత్త. సీలు వేసిన రాగి గంగ చెంబులను చేతి సంచిలో పెట్టకుండా, గుడ్డలో చుట్టి పెద్ద సంచి మధ్యలో పెట్టండి. నా ముందున్న పెద్దాయన చేతి సంచిలోంచి తనిఖీ దగ్గర మూడు చెంబులు బయటికి తీయించారు. ఆయన వెనక్కి పరుగెత్తి కౌంటర్ వారిని బతిమాలుకోవలసి వచ్చింది. విమానం ఎక్కే ముందు కాకినాడ అక్కయ్యగారికి ఫోను చేశాను. ఆవిడకు వచ్చే ఏడాది గయకు వెళ్లాలని ఉందట, తోడు ఎవరూ లేరట. తేదీలు చూసి చెబుతానన్నాను.