రేడియో సెట్లు కొంటున్నారా? ‘ప్రపంచమంతా మా సర్వీస్ ఉంది’ అనే మాట మీద అడ్వాన్స్ కట్టకండి

సెక్యూరిటీకో, ఫ్యాక్టరీకో, పెద్ద ఈవెంట్లకో డిజిటల్ వాకీటాకీలు కొనబోతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. కంపెనీ పేరు రాయడం లేదు. ప్రొఫెషనల్ రేడియోలు తయారుచేస్తూ దేశదేశాలకూ వేగంగా విస్తరిస్తున్న సంస్థ. మాకు అమ్మేటప్పుడు పదేపదే చెప్పిందీ అదే: అన్ని చోట్లా మేమున్నాం, సర్వీస్ గురించి టెన్షన్ వద్దు అని.

తీరా వచ్చిన సెట్లు మా బ్యాండ్‌వి, అంటే మేం వాడే ఫ్రీక్వెన్సీల పరిధివి కావు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు బ్యాండ్లలో సెట్లు చేస్తారు. యూహెచ్‌ఎఫ్ (అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ)లోనే 400–470 మెగాహెర్ట్జ్ సెట్ వేరు, 450–520 సెట్ వేరు. మా లైసెన్స్ ఫ్రీక్వెన్సీలు 450 కంటే కింద ఉన్నాయి. కొటేషన్‌లో సరిగ్గానే రాసి, వేరే రీజియన్ స్టాకు పంపారు.

నిలదీస్తే డీలర్ ‘సాఫ్ట్‌వేర్‌లో మార్చేద్దాం సార్’ అన్నాడు. దీనికి మాత్రం ఎవరూ ఒప్పుకోకండి. సెట్ లోపలి ఫిల్టర్లు, పవర్ యాంప్లిఫయర్ ఒక బ్యాండ్‌కు సరిపోయేలా చేసి ఉంటాయి. బలవంతంగా కిందికి దించితే సిగ్నల్ సరిగా అందదు, రేంజ్ పడిపోతుంది. టైప్ అప్రూవల్ (ఆ మోడల్ వాడొచ్చనే అధికారిక ఆమోదం) కూడా ఆ బ్యాండ్ వరకే. రేపు తనిఖీ జరిగితే జవాబు చెప్పాల్సింది లైసెన్స్ తీసుకున్న మనం.

కంపెనీకి రాస్తే ‘ఈ సీరియల్ నంబర్లు వేరే రీజియన్‌వి, వారంటీ అక్కడే వర్తిస్తుంది’ అని జవాబు వచ్చింది. డీలర్ కంపెనీని అడగమంటాడు, కంపెనీ డీలర్‌ని అడగమంటుంది. డబ్బు మాత్రం ఇంకా వెనక్కి రాలేదు.

అందుకే మోడల్ పేరు చూసి ఆర్డర్ ఇవ్వకండి. పూర్తి పార్ట్ నంబర్, బ్యాండ్, మీ దేశంలో చెల్లే అప్రూవల్ పత్రం, వారంటీ ఏ రీజియన్‌ది అన్నవి కొటేషన్‌లోనే రాయించుకోండి. ముందు ఒక్క సెట్ తెప్పించి, మీ ఫ్రీక్వెన్సీలు వేయించి, మీ పాత సెట్లతో మాట్లాడి చూడండి. ఇలాంటి డిజిటల్ సెట్లు వాడే డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) 2005లో యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ తెచ్చిన ఉమ్మడి ప్రమాణమే. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ను రెండు టైమ్ స్లాట్లుగా పంచుతుంది, అంటే ఒకే ఛానల్‌లో రెండు సంభాషణలు నడుస్తాయి. వేర్వేరు కంపెనీల సెట్ల మధ్య మామూలు మాటలు చాలావరకు వెళ్తాయి. ఎన్‌క్రిప్షన్ (మాటలు బయటివాళ్లకు అర్థం కాకుండా చేయడం), లొకేషన్, రిపీటర్ రోమింగ్ (సిగ్నల్‌ను దూరం పంపే ఒక పరికరం నుంచి ఇంకోదానికి మారడం) దగ్గరే తేడాలొస్తాయి. బ్రోషర్‌లో ఉన్న ఎన్‌క్రిప్షన్‌కు విడిగా లైసెన్స్ కీ కొనాలా అన్నదీ ముందే అడగండి.

ఎక్కువమంది పట్టించుకోనిది పాస్‌వర్డ్. డీలర్ ప్రోగ్రామింగ్ చేశాక సెట్‌కు రీడ్ లాక్ (పాస్‌వర్డ్ లేకుండా సెట్టింగ్‌లు చదవనివ్వని తాళం) పెట్టేస్తే, ఒక్క ఛానల్ మార్చాలన్నా మళ్లీ అతని దగ్గరికే వెళ్లాలి. అతను షాపు ఎత్తేస్తే అంతే సంగతులు. కోడ్‌ప్లగ్ ఫైల్ (సెట్‌లో వేసిన ఛానళ్లు, సెట్టింగ్‌లు ఉండే ఫైల్), పాస్‌వర్డ్ రెండూ మీ చేతికి వచ్చేదాకా చివరి పేమెంట్ ఆపండి.

బ్యాటరీ గంటలు సాధారణంగా 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, 90 శాతం ఖాళీగా ఉండటం అనే లెక్క మీద వేస్తారు. ఎడతెరిపి లేకుండా మాట్లాడే టీమ్‌కు అన్ని గంటలు రావు.

ఇప్పటికే ఇలాంటి సెట్లు చేతికొచ్చి ఉంటే వాటిని ఆన్ ఎయిర్ వాడకండి. ఫర్మ్‌వేర్ (సెట్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చనివ్వకండి. లేబుల్ మీది బ్యాండ్, సీరియల్ నంబర్ కనబడేలా ఫొటోలు తీసి, వాపసు గడువు దాటకముందే డీలర్‌కూ కంపెనీకీ ఒకే ఈమెయిల్‌లో ఫిర్యాదు పంపండి.