సెక్షన్ హైకర్‌కి ట్రెకింగ్ పోల్ టెంట్ పనికొస్తుందా? కొన్నేళ్లు వాడాక నా మాట

అమెరికా తూర్పు కొండల మీదుగా సాగే అపలాచియన్ ట్రైల్ అనే కాలిబాటని సెలవు దొరికినప్పుడల్లా కొంత కొంత చొప్పున, ఒంటరిగా నడుస్తున్నాను. ఇలా ముక్కలు ముక్కలుగా నడిచేవాళ్లనే సెక్షన్ హైకర్లంటారు. జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ నుంచి మెయిన్‌లోని కటాడిన్ దాకా 14 రాష్ట్రాలు, దాదాపు 2,190 మైళ్లు. నాకింకా మెయిన్ మిగిలే ఉంది. మొదటి సెక్షన్ నుంచీ టెంట్ ఒక్కటే: ఒకరికి సరిపోయే, ఒకే పొర ఉన్న సిల్‌నైలాన్ (సిలికాన్ పూత వేసిన నైలాన్) టెంట్. దీనికి విడిగా కడ్డీలుండవు, నడకలో చేతపట్టుకునే కర్రని, అంటే ట్రెకింగ్ పోల్‌నే నిలబెట్టి బిగించాలి.

ఇలాంటి టెంట్ల సమీక్షలు ఎక్కువగా ట్రైల్ మొత్తాన్ని ఒకే ఊపులో నడిచేసే త్రూ హైకర్లు రాసినవే. వాళ్లకి టెంట్ అయిదారు నెలలు నిలిస్తే చాలు. మనకి ఏళ్ల తరబడి నిలవాలి, అందులోనూ ఎక్కువ కాలం అలమరలోనే.

ముందు మంచి చెబుతాను. బరువు మోసేది నేనొక్కణ్ణే, పంచుకునేవాళ్లు లేరు. అందుకే కిలోలోపు టెంట్ అనగానే సగం మనసు అటే పోయింది. వానలో వేసేటప్పుడు దీని అసలు సుఖం తెలుస్తుంది. నాలుగు మూలలా మేకులు కొట్టి, లోపల పోల్ ఎత్తితే గూడు సిద్ధం. రెండు పొరల టెంట్లలో చాలావాటికి లోపలి గుడ్డ ముందు వేయాలి, పైది కప్పేలోపే అది తడుస్తుంది. ఇక్కడ ఆ బాధ లేదు.

సిల్‌నైలాన్ నీరు పీల్చి సాగుతుంది. సాయంత్రం బిగుతుగా కట్టినది గంట వాన పడేసరికి వదులైపోతుంది. పోల్ లోపలే ఉంటుంది కాబట్టి పడుకున్నచోటి నుంచే రెండు మూడు సెంటీమీటర్లు పొడిగిస్తే మళ్లీ బిగుసుకుంటుంది. అర్ధరాత్రి బయటికి వెళ్లక్కర్లేదు. లోపల చెమ్మ మాత్రం తప్పదు. తూర్పు అడవుల తేమలో తెల్లారేసరికి గోడ మీద నీటి చుక్కలు నిలుస్తాయి. వాగు పక్కన కాక కాస్త ఎత్తులో వేసుకుని, స్లీపింగ్ బ్యాగ్ కాళ్లవైపు రెయిన్ జాకెట్ కప్పుకుంటే చాలావరకు గడిచిపోతుంది.

పెన్సిల్వేనియా రాళ్లలో మేకు దిగదు. తాడుని చిన్న రాయికి చుట్టి, దాని మీద పెద్ద రాయి పెట్టాలి. వైట్ మౌంటెన్స్‌లో చాలా క్యాంపులు చెక్క వేదికలే. అక్కడ తనంతట తాను నిలబడే టెంట్లవాళ్లు క్షణాల్లో లోపలికి దూరిపోతుంటే, నేను పలకల సందుల్లో పుల్లలు అడ్డం పెట్టి తాళ్లు కడుతూ ఉంటాను. అదనపు తాడు లేకుండా ఆ సెక్షన్‌కి వెళ్లొద్దు. స్మోకీ పర్వతాల నేషనల్ పార్కులో మళ్లీ ఇంకో సంగతి: సెక్షన్ హైకర్లు షెల్టర్‌లో, అంటే దారి పక్కన కట్టిన పాకలో, చోటు ముందే రిజర్వ్ చేసుకుని అక్కడే పడుకోవాలి. ఆ 70 మైళ్ల పైచిలుకూ టెంట్ సంచిలో బరువే.

ఇక అలమర కథ. త్రూ హైకర్ తడి టెంట్‌ని మర్నాడు మధ్యాహ్నం ఎండలో పరుస్తాడు. మనకి ఆఖరి రాత్రి తడిసిన టెంట్ అలాగే విమానమెక్కి ఇంటికొస్తుంది. నాది రెండువైపులా సిలికాన్ పూత కాబట్టి, పాలియురెథేన్ పూత టెంట్లలా పాతబడి జిగట పట్టలేదు. కానీ బూజుకి పూతతో పనిలేదు. ఇంటికొచ్చిన రాత్రే, స్నానం కన్నా ముందు, దాన్ని తలుపు మీద ఆరేస్తాను. సంచిలో కుక్కకుండా పెద్ద గుడ్డసంచిలో వదులుగా ఉంచుతాను.

కుట్ల రంధ్రాల్లోంచి నీరు కారకుండా అతికించే టేపు సిలికాన్ మీద అతుక్కోదు కాబట్టి కుట్లకి జిగురు మనమే పూయాలి. ఏళ్లు గడిచేకొద్దీ మడతల దగ్గర అది పెచ్చులూడుతుంది. ప్రతి సెక్షన్ ముందూ టెంట్ వేసి, పైన నీళ్లు పోసి చూస్తాను. సిలికాన్ జిగురుని మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పల్చన చేసే ద్రవంతో) పల్చన చేసి, పాత బ్రష్‌తో రెండుసార్లు పూశాను, ఇప్పటికీ కారలేదు. గుడ్డ గట్టిగానే ఉంది. ముందుగా అరిగింది జిప్ స్లైడరు. ఇసుక తినేసింది. పట్టకారుతో నొక్కి కొంతకాలం నెట్టుకొచ్చి, చివరికి కొత్తది వేయించాను.

మళ్లీ కొనాల్సొస్తే ఇదే ఆకారం కొంటాను, కాకపోతే గుడ్డ మాత్రం తడిసినా అంతగా సాగని పాలియెస్టర్‌ది తీసుకుంటాను. ఏడాదికోసారి వారం రోజులే నడిచేవాళ్లు, నడుము బాగుంటే, ఇంకో అరకిలో మోసి తనంతట తాను నిలబడే టెంట్ తీసుకోవడమే నయం. దీన్ని బిగించడంలో చెయ్యి తిరిగేసరికి వాళ్ల సెలవు అయిపోతుంది.