గుట్ట కింది సెల్లార్‌కు హాఫ్ హెచ్‌పీ డీవాటరింగ్ పంపు

నల్లగొండలో సెల్లార్ ఉన్నవాళ్లు ఫ్లోట్ స్విచ్ ఉండి, చేరిన నీళ్లను దానంతటదే తోడేసే డీవాటరింగ్ పంపు కొనుక్కోండి, డబ్బులు వృథా కావు. అయితే పంపు ఒక్కటి కొంటే సరిపోదు.

మా ఇల్లు లతీఫ్ సాబ్ గుట్ట దిగువన. వాన దంచికొడితే గుట్ట నీళ్లు మా వీధిలోంచే పోతాయి. అంతకన్నా కంటికి కనపడని నీళ్లతో ఎక్కువ ఇబ్బంది. మా దగ్గర పైన కాస్త ఎర్రమట్టి, కింద బండ. ఇంకిన నీరు బండలోకి దిగలేక పక్కకు పారి, సెల్లార్‌లో గోడా గచ్చూ కలిసేచోట ఊరుతుంది. అక్కడే టైల్స్, ఫాల్స్ సీలింగ్ వేయించి నేను పుట్టపాక, పోచంపల్లి చీరలు అమ్ముతాను. పట్టు చీర వెనక నేతన్న ఇంటిల్లిపాది కష్టం ఉంటుంది. తడి తగిలి రంగు దిగితే ఇక అంతే.

నీరు చేరే మూలన రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గుంత తవ్వించి పంపు దించాం. నీళ్లు పెరిగితే ఫ్లోట్ లేచి మోటార్ ఆన్ అవుతుంది, తగ్గితే ఆగిపోతుంది. గుంత ఇరుకైతే ఫ్లోట్ గోడకు తట్టుకుని లేవదు, కాబట్టి వెడల్పు తగ్గించకండి. పెట్టె మీద గంటకు ఇన్ని లీటర్లని రాసేది పైపు ఎత్తు లేనప్పటి లెక్క. పైకి తోడేకొద్దీ తగ్గుతుంది. మా పది అడుగుల ఎత్తుకు హాఫ్ హెచ్‌పీ సరిపోయింది.

బిగించిన ప్లంబర్ పని చాలా నచ్చింది. పైపులో మిగిలిన నీళ్లు వెనక్కి పడి మోటార్ ఊరికే ఆన్ ఆఫ్ అవకుండా ఎన్‌ఆర్‌వీ (నీళ్లను ఒకవైపుకే పోనిచ్చే వాల్వ్) వేశాడు. పైపును మోరీలో కలపలేదు. "మోరీ నిండితే నీళ్లు ఎటు పోతయ్ అక్కా" అని, రోడ్డుకన్నా ఎత్తులో, వీధి పల్లంవైపు వదిలాడు.

నచ్చనిది, పంపు అమ్మిన షాపువాళ్లు కరెంటు గురించి ఒక్క మాట చెప్పకపోవడం. గట్టి వానలో మొదట పోయేది కరెంటే కదా! మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. ఫ్యాన్లకు, లైట్లకు పెట్టిన చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అయిపోవచ్చు. మేం పంపుకే విడిగా 2 కేవీఏ ఇన్వర్టర్ పెట్టించాం. బ్యాటరీలతో కలిపితే పంపు కన్నా దానికే ఎక్కువైంది. ఆ ఖర్చు కూడా లెక్కేసుకున్నాకే కొనండి.

వీధిలోంచి పొంగి వచ్చే నీటిని మాత్రం ఈ పంపు తోడలేదు. దానికోసం ర్యాంప్ మొదట్లో అరడుగు గట్టు కట్టించి, లోపలివైపు జాలీ మోరీ పెట్టించాం. ప్లగ్ పాయింట్లు నడుము ఎత్తుకు జరిపించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ వేయించాం. నీళ్లు నిలిస్తే పైనుంచి మెయిన్ ఆపకుండా ఎవరూ కాలు పెట్టకూడదు. 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద వచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అది చదివినప్పటి నుంచి వాన ముదిరితే కస్టమర్లను, నా దగ్గర పనిచేసే అమ్మాయిని ముందు పైకి పంపించేస్తున్నాను. చీరలు పోతే పోనీ.

మిరుగం రాకముందే గుంతలో ఒండ్రు తీయించి, ఫ్లోట్ లేచేదాకా బకెట్లతో నీళ్లు పోసి పంపు ఆన్ అవుతుందో లేదో చూసుకోండి. గుంతకు జాలీ మూత పంపుతో రాదు, విడిగా కొనుక్కోవాలి.