నాకన్నా వయసులో పెద్దదైన లెదర్ జాకెట్: ఏళ్ల తరబడి తొడిగాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, పాత లెదర్ జాకెట్ కొనేటప్పుడు, సైజు సరిపోయాక చూడాల్సింది తోలు ఒక్కటే. జిప్ పోయినా, లైనింగ్ చిరిగి వేలాడుతున్నా, చంక దగ్గర కుట్టు విడిపోయినా కంగారు పడక్కర్లేదు. అవన్నీ మార్చుకోవచ్చు, ఓపిక ఉంటే చాలావరకు ఇంట్లో కూర్చుని మనమే మార్చుకోవచ్చు. తోలు ఎండిపోయి మడత దగ్గర పగిలిందంటే మాత్రం ఎంత ఖరీదైన క్రీమ్ పూసినా దండగే. అమ్మేవాళ్లు ధర కట్టేది సరిగ్గా దీనికి తలకిందులుగా. లైనింగ్ తళతళలాడితే రేటు పెంచేస్తారు, జిప్ పళ్లు ఊడితే సగానికే వదిలించుకుంటారు. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఆ రెండో రకం.

నా దగ్గరున్నది గోధుమరంగు కేఫ్ రేసర్. నిలబడే చిన్న కాలర్, మధ్యలో నిటారుగా ఒక జిప్, ఛాతీ మీద ఇంకో చిన్న జిప్ జేబు, అంతే, వేరే అలంకారం ఏమీ లేదు. న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు అక్కడ వాడిన బట్టలు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లో 40 డాలర్లకు కొన్నాడు. అటు వెళ్లేటప్పుడు ఆవకాయ, గోంగూర సీసాలతో నిండిన సూట్‌కేసులో తిరిగొచ్చేటప్పుడు ఇది వచ్చింది. మా అమ్మ దాన్ని చూసి అన్న మొదటి మాట, "ఎవరు తొడుక్కున్నదో, బతికున్నారో పోయారో, ఆ గొడ్డు తోలు ఇంట్లోకి ఎందుకే?" అని. ఈ రోజుకీ అది పూజగది ఉన్న వైపు బీరువాలోకి వెళ్లదు, నా గదిలోనే ఉంటుంది, ఆ విషయంలో మాకు ఒప్పందం కుదిరింది.

లోపల కంపెనీ లేబుల్ సగం చిరిగిపోయింది, మేడ్ ఇన్ యూఎస్ఏ అన్నది మాత్రం కనబడుతుంది. జిప్ లాగే ముక్క మీద టాలన్ అని ఉంది. ఈ కంపెనీ ఒకప్పుడు అమెరికాలో జిప్పులకి పెట్టింది పేరు, పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ దాని ఊరు, తర్వాత్తర్వాత జపాన్ వైకేకే వచ్చి ఆ మార్కెట్టంతా పట్టుకెళ్లిపోయింది. అమెరికన్ పాత జాకెట్ల వయసు అంచనా వేసేవాళ్లు ముందు జిప్పే చూస్తారు. కాకపోతే జిప్ మారిస్తే మారిపోయే సాక్ష్యం అది, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. కాలర్, చేతుల కట్, లైనింగ్ గుడ్డ అన్నీ కలిపి చూస్తే నాది 1970ల నాటిది అనిపిస్తుంది.

కేఫ్ రేసర్ అన్న పేరు 1960ల ఇంగ్లండ్ కుర్రాళ్ల నుంచి వచ్చింది, లండన్‌లో ఏస్ కేఫ్ లాంటి చోట్ల చేరి అక్కడి నుంచి బైకులు పరుగెత్తించేవాళ్లు. అంతకుముందు నుంచీ అందరికీ తెలిసిన మోడల్ ఇంకోటి ఉంది కదా, కాలర్ నుంచి ఛాతీ మీదికి మడిచి ఉండే వెడల్పు లాపెల్స్, ఏటవాలుగా జిప్, నడుముకి బెల్టు. అది 1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ తయారుచేసిన పెర్ఫెక్టో. ఆ పేరు ఆయనకిష్టమైన చుట్టది, అప్పటి ధర ఐదున్నర డాలర్లు. ఇప్పుడు అదే కంపెనీ జాకెట్ కొనాలంటే మన దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ స్కూటర్ డబ్బులు అవుతాయి. అందుకే పేరు లేని, లేబుల్ చిరిగిన పాత జాకెట్లే నాకు ముద్దు.

ఇక తోలు సంగతి. చేతిలోకి తీసుకోగానే నేను చేసే పని మోచేతి భాగాన్ని మడిచి, మడతని దగ్గర నుంచి చూడటం. సన్నటి ముడతలు పడి, వదలగానే సర్దుకుంటే మంచిది. ముడత మధ్యలో తెల్లటి గీతలాగా లోపలి పీచు కనబడితే దాన్ని అక్కడే పెట్టేసి వచ్చేయండి. తర్వాత ఎక్కడైనా కత్తిరించిన అంచు దొరుకుతుందేమో వెతకాలి, సాధారణంగా జేబు లోపలో, లైనింగ్ ఊడిన చోటో దొరుకుతుంది. ఆ అంచు మధ్యలో కాస్త బూడిద, నీలం కలిసిన రంగు ఉంటే అది క్రోమ్ ట్యానింగ్ తోలు, అంటే పచ్చితోలు కుళ్లకుండా క్రోమియం లవణాలతో పదును పెట్టింది, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకే గోధుమరంగు ఉంటే చెట్ల బెరడుతో పదును పెట్టింది అయ్యుండొచ్చు. నీటి చుక్క వేస్తే రెండో రకం గబుక్కున పీల్చుకుని నల్లబడుతుంది. అసలు అంచులో గుడ్డ కనబడి, పైన పొర ప్లాస్టిక్‌లాగా లేస్తుంటే మాట్లాడేదేముంది, రెక్సిన్. అది వాడినా వాడకపోయినా మన తేమకి కొన్నేళ్లకి పొరలు పొరలుగా రాలిపోతుంది, దాన్ని బాగుచేయడానికి దారి లేదు.

ఈ క్రోమ్, బెరడు గోల మనకేమీ పరాయిది కాదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే తంగేడు, దాని బెరడుతోనే దక్షిణాదిలో తరతరాలుగా తోళ్లు పదును పెట్టారు, దానికి తోడు కరక్కాయ. అలా సగం పదును చేసిన తోళ్లు మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్లి అక్కడ మెరుగులు దిద్దుకునేవి. తర్వాత ఆఫ్రికా నుంచి వచ్చిన వాటిల్ బెరడు తంగేడుని పక్కకి నెట్టేసింది. మద్రాసులో ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థని ప్రపంచ పటం మీద నిలబెట్టిన మనిషి మన తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేల్చివేతలో పోయారు. లెదర్ అనగానే ఇటలీ, ఇటలీ అని కలవరించే మన ఫ్యాషన్ గ్రూపుల్లో ఈయన పేరు ఒక్కసారీ వినబడదు, నాకు అదో చిరాకు.

సరే, కుట్టుపని. వచ్చినప్పుడు నా జాకెట్ జిప్ కింద పెట్టె దగ్గర విరిగిపోయి ఉంది, లైనింగ్ చంకల్లో పేలికలైంది. ఊర్లో పేరున్న ఒక ఆల్టరేషన్ షాపుకి తీసుకెళ్తే మిషన్ మీద పదినిమిషాల్లో కొట్టిస్తామన్నారు. నాకు నచ్చలేదు. తోలు గుడ్డలాంటిది కాదు, అందులో సూది దిగిన చోట కన్నం శాశ్వతం. పాత కన్నాల పక్కనే మిషన్ ఇంకో వరస కొడితే ఆ అంచు పోస్టాఫీసు స్టాంపుల షీటులాగా తయారై, గట్టిగా లాగిన రోజు చిరిగి చేతికొస్తుంది. కాబట్టి పాత కుట్లు ఒక్కొక్కటీ విప్పి, అవే కన్నాల్లోంచి మళ్లీ చేత్తో కుట్టాలి.

దీన్ని నాకు నేర్పింది మా కాలనీ మలుపులో కూర్చునే చెప్పులు కుట్టే తాత. జాకెట్ అంచుని బొటనవేలితో నిమిరి చూసి, "మంచి తోలు బిడ్డా, మిషన్ పెట్టకు, ఆరె పట్టు" అన్నాడు. ఆరె అంటే తోలులో కన్నం పొడిచే మొనదేలిన పనిముట్టు. దారం ఒకటే, రెండు చివర్లా రెండు సూదులు. ఒకే కన్నంలోంచి కుడి సూది ఎడమకి, ఎడమ సూది కుడికి, రెండూ దాటాక చేతులు రెండు పక్కలకి చాపి ఒకే బిగువుతో లాగాలి. ఈ కుట్టులో ఒకచోట దారం తెగినా మిగతాది ఊడదు, ఎందుకంటే ప్రతి కన్నంలో రెండు పోగులు ఉంటాయి. దారానికి ముందే తేనెమైనం పట్టిస్తే కన్నంలో పట్టుగా కూర్చుంటుంది. పాత కన్నం మూసుకుపోయినట్టుంటే ఆరె మొనతో మెల్లగా తెరవాలి తప్ప కొత్తగా పొడవకూడదు. గుండుసూదులు వద్దు, ఆఫీసుల్లో కాగితాలకి పెట్టే క్లిప్పులు చాలు, అవి కూడా రాత్రంతా వదిలేస్తే గుర్తు పడుతుంది. జిప్ లావు పాతదానితో సమానంగా ఉండాలి, సన్నం జిప్ వేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ఈ బరువుకి ఆగదు. ఇత్తడి జిప్ మొదట్లో మొరాయిస్తుంది, కొవ్వొత్తి పళ్ల మీద రుద్దితే దారికొస్తుంది.

జిప్‌కీ, లైనింగ్ గుడ్డకీ, దారానికీ కలిపి 1,500 రూపాయల లోపే అయింది. లైనింగ్‌కి శాటిన్ వేయమని చాలామంది చెప్తారు, చేతులు జారుతాయని. చేతుల వరకు అది నిజమే. వీపు భాగానికి మాత్రం నేను పల్చటి కాటన్ వేశాను, హైదరాబాద్‌లో జనవరి మధ్యాహ్నం కూడా చెమట పడుతుంది మరి. పాత లైనింగ్‌ని చిరిగింది కదా అని పారేయకండి, కుట్లు విప్పి పరిస్తే అదే ప్యాటర్న్, కాగితం మీద గీసుకునే పనుండదు.

ఇక్కడొక మాట. లెదర్ క్రాఫ్ట్ వర్క్‌షాప్ అని ఏసీ హాల్లో పెట్టి, ఒక కార్డ్ హోల్డర్ కుట్టించి, కాఫీ ఇచ్చి వేలల్లో ఫీజు తీసుకుంటున్నారు. నేర్పేది తాత నేర్పిన ఈ రెండు సూదుల కుట్టే. తరతరాలుగా ఆ పని చేస్తున్నందుకే ఊరి బయట ఉంచిన జనాల చేతి పని అది, తాత దగ్గర చెప్పు కుట్టిస్తే యాభై రూపాయలకి కూడా బేరమాడతాం. నేను ఆయనకి ఇచ్చిన డబ్బు ఆయన అడిగినదానికి చాలా ఎక్కువే, అయినా ఆ వర్క్‌షాప్ ఫీజులో సగం కూడా కాదు.

వాడకంలో అసలు శత్రువు వానాకాలం. జులై, ఆగస్టుల్లో బీరువా తలుపు మూసి ఉంచితే కాలర్ లోపల, జేబు మూతల కింద బూజు ఖాయం. దాన్ని ఇంట్లో దులపకూడదు, బాల్కనీలోకి తీసుకెళ్లి పొడిగుడ్డతో తుడిచి, వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ కొసని కొద్దిగా తడిపి అద్దాలి, ముందు కనబడని చోట అద్ది రంగు పోతుందేమో చూసుకోవాలి. తర్వాత ఫ్యాన్ కింద ఆరబెట్టాలి, ఎండలో వద్దు. నాఫ్తలిన్ ఉండలు బూజుని ఆపవు, వాటి వాసన మాత్రం ఏడాదంతా జాకెట్‌ని వదలదు. ప్లాస్టిక్ కవర్ అసలు వద్దు, పాత కాటన్ చీర ముక్కతో కుట్టిన గలీబు హాయిగా సరిపోతుంది. హ్యాంగర్ భుజం వెడల్పుగా ఉండాలి, ఇస్త్రీ షాపు తీగ హ్యాంగర్‌కి తగిలిస్తే భుజాల దగ్గర కొమ్ములు మొలుస్తాయి.

నూనె విషయంలో మనవాళ్ల మొదటి సలహా కొబ్బరినూనె. వద్దండీ. చలికాలంలో సీసాలో గడ్డకట్టే నూనె తోల్లోకి వెళ్తే మాత్రం ఊరుకుంటుందా? మా ఫ్రెండ్ బూట్లకి డిసెంబర్‌లో తెల్లటి పొర తేలింది, బూజు అనుకుని తెగ టెన్షన్ పడింది. హెయిర్ డ్రయ్యర్ వేడి తగలగానే కరిగి మాయమైంది, అంటే అది పైకి తేలిన కొవ్వు, బూజైతే వేడికి కరగదు. పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ ఆయిల్ మంచిదే కానీ రంగు ముదురుతుంది. నేను వానలు వెళ్లాక ఒకసారి, చలి వెళ్లాక ఒకసారి, గుడ్డకి పెసరగింజంత లెదర్ కండిషనర్ తీసుకుని పల్చగా రుద్దుతాను. మెరవాలని ఇంకా ఇంకా పూస్తే తోలు సాగి, జాకెట్ నీరుగారిపోయినట్టు వేలాడుతుంది.

తొడుక్కుంటే ఎలా ఉంటుంది అంటే, బరువు. మొదట్లో సాయంత్రానికి మెడ లాగేది. ఇప్పుడు చేతులు నా మోచేతుల దగ్గరే వంగేలా తోలు అలవాటుపడింది, హ్యాంగర్‌కి ఉన్నప్పుడు కూడా ఆ వంపు అలాగే ఉంటుంది. మోచేతుల మీద, జేబు అంచుల మీద రంగు పలచబడి తేనెరంగు తేలింది. కొత్త జాకెట్లకి ఫ్యాక్టరీలో రుద్ది ఇలాంటి పాతదనం తెస్తారు కానీ అందులో అరుగుదల ఉండాల్సిన చోట ఉండదు, వీపు మధ్యలో అరిగిన జాకెట్ చూశాను, ఎవరు గోడకి రుద్దుకున్నారో ఏమో! హైదరాబాద్‌లో దీనికి పని నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వరకే. తెల్లవారుజామున బండి మీద వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తే, గాలి ఛాతీకి తగలకుండా ఇది ఆపినట్టు ఏ స్వెట్టరూ ఆపదు. విజయవాడలో ఉండేవాళ్లు ఆలోచించుకుని కొనండి. ఇంకో సంగతి, ఇందులో మోచేతులకి, భుజాలకి ప్యాడ్లు లేవు, ఏనాటి దారాలో పట్టుకుని ఉన్నాయి, రోడ్డు మీద జారితే కుట్లు నిలుస్తాయన్న నమ్మకం లేదు. దూరం వెళ్లేటప్పుడు ప్యాడ్లున్న రైడింగ్ జాకెట్టే వేసుకుంటాను.

జాకెట్ కాకుండా తోలు ముక్కలతో నేను కుట్టినవి చాలానే ఉన్నాయి, బెల్టు, తాళాల గుత్తి, జీన్స్ మోకాలికి అతుకు. చెన్నై వెళ్లినప్పుడు తోలు వ్యాపారం జరిగే పెరియమేట్‌లో తిరిగితే కట్టింగ్ ముక్కలు కిలోల లెక్కన దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లు వాటి మీద చెయ్యి తిప్పుకున్నాకే జాకెట్ జోలికి వెళ్లండి.

సైజు గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి అదీ చెప్తాను. పాత లేబుల్ మీది అంకెని పట్టించుకోవద్దు, ఇప్పటి సైజులతో కలవదు. మీకు బాగా సరిపోయే జాకెట్‌ని నేల మీద పరిచి ఒక చంక నుంచి ఇంకో చంకకి, భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకి, కాలర్ కింద నుంచి నడుము అంచుకి కొలిచి, ఆ కొలతలే అమ్మేవాళ్లని అడగండి. చేతుల పొడవు ఎక్కువైతే లోపలికి మడిచి కుట్టుకోవచ్చు, పక్కల నుంచి కాస్త లోపలికి తీసుకోవచ్చు. భుజాలు వెడల్పైతే మాత్రం కొనకండి. నాది మగవాళ్ల కట్, భుజం ఒక అంగుళం ఎక్కువే ఉంది, తగ్గించాలంటే చేతులు రెండూ పూర్తిగా విప్పాలి, అప్పుడు పాత కన్నాలు ఎక్కడికక్కడ బయటికి తేలతాయి. తాత కూడా వద్దన్నాడు, లోపల సన్నటి షోల్డర్ ప్యాడ్లు కుట్టి అలాగే వేసుకుంటున్నా.